మూలం: నేను

"ఆ కత్తెరగాడి చేతులు పడిపోను!" అంటూ మా అత్తగారు టాబ్లెట్‌ని భోజనాల బల్ల మీద బోర్లా పడేశారు.

నేను కాఫీ కప్పులో తల దూర్చేశాను. మా ఆయన చటుక్కున పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ కత్తెరగాడిని నేనే అన్న సంగతి ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు.

ఇది ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలిస్తాను. కాలిపోయిందన్న సోఫా తనంతట తనే కాలిందా, లేక పాతబడి విసుగేసి యజమానే అంటించాడా అని ఆరా తీయడం నా పని. దాంతో ఎవరేం చెప్పినా ముందు "రుజువేది?" అనడం నోటికి అలవాటైపోయింది. తను నన్ను ప్రేమిస్తున్నానని చెప్పిన రోజున కూడా అదే అడిగానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు.

ఈ గుణానికి తగిన కాలక్షేపం నాకు ఇంటర్నెట్‌లో దొరికింది. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. జీతం లేదు, పేరు రాదు, అయినా జనం రాస్తూనే ఉంటారు. కొత్తగా చేరినవాళ్ళ రాతలు చూసి ఏది ఉండాలో, ఏది పోవాలో, ఎందుకు పోవాలో చెప్పే సమీక్షకుల్లో నేనొకదాన్ని. అక్కడ చాలామంది మారుపేర్లతోనే ఉంటారు. నేను పెట్టుకున్న పేరు 'కత్తెర'. పేరు నిలబెట్టుకుంటున్నాననే అందరూ అంటారు, కొందరు మెచ్చుకుంటూ, ఎక్కువమంది తిట్టుకుంటూ.

ఇక మా అత్తగారు. ఆవిడా మామగారూ కలిసి వీధి చివర గుండీల దుకాణం నడిపారు. చొక్కా గుండీలు, కోటు గుండీలు, పసిపిల్లల గౌన్లకి వేసే మినప్పప్పంత గుండీలు, అన్నీ గాజు సీసాల్లో రంగుల వారీగా ఉండేవి. వీధంతా ఆవిడని గుండీలమ్మ అనే పిలుస్తుంది. మామగారు పోయాక దుకాణం మూసేశారు. సీసాలన్నీ మా ఇంటికొచ్చి అల్మారాల్లోకీ మెట్ల కిందకీ చేరాయి. ఆవిడ మాత్రం ఎక్కడా చేరలేదు. ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చానో మర్చిపోయానని మళ్ళీ వెనక్కి వచ్చేవారు. నాతో గొడవ పడటం కూడా మానేశారు. నాకు నిజంగా దిగులేసింది. ఉప్పు ఎక్కువైందని కూడా అనని అత్తగారితో ఒకే ఇంట్లో ఉండి చూస్తే తెలుస్తుంది ఆ బాధ.

కాస్త కాలక్షేపంగా ఉంటుందని మా ఆయన ఆవిడకి టాబ్లెట్ కొనిచ్చారు. కొన్నాళ్ళు వాతావరణం చూసేవారు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చి, సమీక్షకు వచ్చినవి తెరిచేసరికి 'గుండీ' అనే వ్యాసంలో ఎవరో కొత్తవాళ్ళు పెద్ద మార్పు చేసి ఉన్నారు. వాడుకరి పేరు చూసి నాకు పొలమారింది. 'గుండీలమ్మ'.

ఆవిడ రాసింది ఇది. "గుండీలు చాలా రకాలు. అందులో ఆల్చిప్ప గుండీలే గుండీలు, మిగతావి ఏదో ఉన్నాయంటే ఉన్నాయి. అసలుదో నకిలీదో తెలియాలంటే చెంపకి ఆనించి చూడండి, చిప్పదైతే చల్లగా ఉంటుంది. చవగ్గా వస్తున్నాయని కొని తర్వాత ఏడవకండి. కోటు చేతులకి గుండీలు ఎందుకుంటాయో తెలుసా? ఒక రాజుగారి సైనికులు చేతులతో ముక్కులు తుడుచుకుంటుంటే, అది మాన్పించడానికి ఆయన అక్కడ గుండీలు కుట్టించాడు. మూలం: మా ఆయన. మిగతా అన్నిటికీ మూలం: నేను. చదివినవారందరూ చల్లగా ఉండాలి. ఇట్లు, గుండీలమ్మ."

అక్కడ ఒక నియమం ఉంది. మనకి కావలసినవాళ్ళ రాతల్ని మనం సమీక్షించకూడదు. వేరేవాళ్ళకి అప్పగించాలి. నేను ఎప్పుడూ నియమాలు తు.చ. తప్పని మనిషిని. కానీ ఆ రోజు, వేరేవాళ్ళు ఈవిడని చీల్చి చెండాడితే ఎలా అన్న భయం పట్టుకుంది. నేనైతే మెత్తగా చెబుతాననుకున్నాను. ఒక్కసారికేగా అనుకున్నాను.

మెత్తగా చెప్పడం నాకు ఎక్కడ వచ్చి చచ్చింది? పైగా మనవాళ్ళని వెనకేసుకొస్తున్నానేమో అన్న అనుమానం నా మీద నాకే వచ్చి, మామూలు కన్నా రెండాకులు ఎక్కువే చదివాను. "స్వాగతం. మీరు చేర్చినదంతా తీసేశాను. పాఠకులకు సలహాలివ్వకూడదు, వాళ్ళని దీవించకూడదు, కింద సంతకం పెట్టకూడదు. ముక్కు కథకు ఆధారం లేదు. 'నేను' అన్నది మూలం కాదు, 'మా ఆయన' అంతకన్నా కాదు. అచ్చయిన పుస్తకం చూపించండి. - కత్తెర."

జవాబు వెంటనే వచ్చింది. "అయ్యా కత్తెర గారూ, మీకు పాలపళ్ళు ఊడకముందు నుంచీ నేను గుండీలు అమ్ముతున్నాను. మీ వయసెంత? మూలం చూపించండి."

నేను బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కడుపుబ్బ నవ్వుకున్నాను. ఆ పూట భోజనాల దగ్గర ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "వీడి పని పడతాను చూడు" అని రెండోసారి కూర వడ్డించుకున్నారు. కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడ మొదలైంది. ఆవిడ రాయడం, నేను తీసేయడం, ఆవిడ నిప్పులు చెరగడం. గ్రంథాలయంలో చేరి దుస్తుల చరిత్ర మీద దిండంత పుస్తకాలు మోసుకొచ్చారు. వాటిలోంచి చక్కగా మూలాలు ఇవ్వడం నేర్చుకున్నారు. పుట సంఖ్య వేయలేదని నేనంటే పుట సంఖ్యతో పాటు ఎన్నో వరుసలో ఉందో కూడా రాసి, "ఇక కళ్ళజోడు కూడా నన్నే పంపమంటారా?" అని కింద చేర్చారు.

అన్నిటికన్నా ఇబ్బంది ఏమిటంటే, కత్తెరకి ఘాటైన జవాబు రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ నా దగ్గరికే వచ్చేవారు.

"అమ్మడూ, నీకు ఆఫీసు భాష వచ్చుగా. వీడికి తగిలేట్టు ఒక మాట చెప్పు."

"పోనీలెండి అత్తయ్యా, ఆయన ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు."

"నువ్వు ఎవరి వైపు? 'అహంకారం' బాగుంటుందా, 'మిడిసిపాటు' బాగుంటుందా?"

"మిడిసిపాటే బాగుంటుంది" అని చెప్పి, నన్ను నేనే తిట్టించుకున్నాను. సోఫాలో ఉన్న మా ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని, ఆ గదిలో లేనట్టు కూర్చున్నారు. ఆయన పుట్టుకతోనే గోడమీద పిల్లి.

ఇలా ఉండగా ఒక సెలవురోజున ఆవిడ కొత్త పేరా ఒకటి చేర్చారు. ఆల్చిప్ప గుండీలు ఎలా తయారవుతాయన్నది. గొట్టంలాంటి రంపంతో చిప్పలోంచి గుండ్రటి బిళ్ళలు కోయడం, మందమైన బిళ్ళని పొరలుగా చీల్చడం, అరగదీసి కన్నాలు పెట్టి మెరుగు పట్టడం, అన్నీ వరుసగా ఉన్నాయి. బిళ్ళలు తీసేశాక మిగిలిన చిప్ప జల్లెడలా ఉంటుందని రాశారు. ఒక్క సలహా లేదు, దీవెన లేదు, ప్రతి వాక్యానికీ మూలం ఉంది. చదువుతుంటే ఆ రంపం చప్పుడు వినబడింది నాకు. రెండోసారి చదివాను, లోపం వెతుకుతూ. దొరకలేదు. మనసులో ఉన్నదే రాశాను: "ఈ పేరా బాగుంది. ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు."

వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడైంది. ఆవిడ టాబ్లెట్ పట్టుకుని పరుగున వచ్చారు.

"చూశావా! బాగుందన్నాడు! ఒక్క మాట మార్చక్కర్లేదన్నాడు, ఆ కొరకరాని కొయ్య!"

ఆ సాయంత్రం ఆవిడ వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి చదివి వినిపించారు. మందుల షాపు ఆవిడకి చూపించారు. పక్కింటివాళ్ళ తలుపు తట్టి మరీ చెప్పొచ్చారు. రాత్రి భోజనాల దగ్గర కాస్త తగ్గిన గొంతుతో ఒక మాటన్నారు.

"ఇన్నేళ్ళు వండి పెట్టాను, బాగుంది బాగుంది అంటూనే తిన్నారందరూ. పళ్ళెంలోంచి తలెత్తకుండానే అనేవాళ్ళు. దుకాణంలోనూ అంతే. ఇంట్లోవాళ్ళ బాగుందికీ, బేరం కోసం అనే బాగుందికీ విలువేముంది చెప్పు? ఈ కత్తెరగారు నాకు ఏమవుతారు? ఏమీ కారు. నేనెవరో కూడా ఆయనకి తెలీదు. మొహమాటం లేని మనిషి. అటువంటి మనిషి బాగుందన్నాడంటే, అది నిజంగా బాగున్నట్టే."

'వాడు' కాస్తా 'గారు' అయిపోయాడు. నేను పళ్ళెంలోకి తల దించేసుకున్నాను. మా ఆయన పేపరు కోసం వెతుక్కున్నారు కానీ రాత్రిపూట పేపరు ఎక్కడుంటుంది?

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ విజ్ఞాన సర్వస్వంలో వారానికొక మంచి వ్యాసాన్ని మొదటి పేజీలో పెడతారు. 'గుండీ'ని అక్కడ చూడాలని ఆవిడకి ఆశ పుట్టింది. ఎవరో ఒక సమీక్షకుడు ప్రతిపాదించాలి. మర్నాడు నా చర్చాపేజీలో, అంటే మన రాతల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకునే పేజీలో, ఆవిడ విన్నపం కనిపించింది. "కత్తెర గారూ, మీరే ప్రతిపాదించాలి. మీరు నాకేమీ కారు కాబట్టి మీ మాటకే విలువ."

ప్రతిపాదించేవాళ్ళు, రాసినవాళ్ళతో తమకి ఏ చుట్టరికమూ లేదని చెప్పాలి. ఊరుకుంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటారు. ప్రతిపాదిస్తే నేను అబద్ధమాడాలి. ఎదుటివాళ్ళ అబద్ధాలు పట్టి బతికేదాన్ని, సొంత అత్తగారి గురించి అబద్ధమాడలేకపోయాను.

ఆవిడ వంటింటి బల్ల మీద ఒక సీసా బోర్లించుకుని, తెల్లవాటిలోంచి మీగడ రంగువి ఏరుతున్నారు. ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, కత్తెర ఎవరో నాకు తెలుసు."

"ఎవరూ? మీ ఆఫీసులో ఆయనా?"

"నేనే."

ఆవిడ నవ్వారు. నా మొహం చూసి నవ్వు ఆపారు. చేతిలో గుండీని బల్ల మీద పెట్టి, దాన్ని వేలితో అటూ ఇటూ జరిపారు. తిడతారని ఎదురుచూశాను. అంతకాలం పక్కనే ఉండి దాచినందుకైనా ఒక్క కేక వేస్తారనుకున్నాను.

"అయితే ఆ బాగుంది అన్నది నువ్వా" అన్నారు చివరికి. "నా కోడలివా."

"నిజంగా బాగుంది కాబట్టే అన్నాను అత్తయ్యా."

"వంట బాగుంది అన్నట్టు."

"కాదు! మీరు మా అత్తగారన్న మాటే మర్చిపోయి చదివాను. ఒట్టు."

"మూలం?" అన్నారావిడ.

"నేనే" అన్నాను.

"అది చెల్లదు. నువ్వే చెప్పావుగా."

ఏరిన గుండీలన్నీ మళ్ళీ ఒకే సీసాలో పోసేసి, మూత బిగించి, తన గదిలోకి వెళ్ళిపోయారు. టాబ్లెట్ బల్ల మీదే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి దొరక్క దొరక్క దొరికిన ఒకే ఒక్క మెప్పుని నా చేతులతో నేనే నకిలీ సరుకు చేసేశాను.

ఆ రోజే అందరికీ కనిపించేలా రాసేశాను. "గుండీలమ్మ గారు మా అత్తగారు. నేను ఆవిడ రాతల్ని సమీక్షించి ఉండకూడదు. మా ఇద్దరికీ సంబంధం లేనివారెవరైనా వ్యాసాన్నీ, నా నిర్ణయాలన్నిటినీ మొదటి నుంచి చూడాలి. మొహమాటపడొద్దు." ఆ పని 'తాబేలు' అనే వాడుకరి తీసుకున్నారు. తాబేలు అంటే అక్కడ అందరికీ హడలే. చాలా నెమ్మది, కానీ ఆ చూపు నుంచి కామా కూడా తప్పించుకోలేదు. ఆడో మగో, ఎక్కడుంటారో ఎవరికీ తెలీదు. ఎవరికీ ఏమీ కారు.

తాబేలు గారు పేరుకు తగ్గట్టే రోజుల తరబడి కదల్లేదు. అత్తగారు టాబ్లెట్ ముట్టుకోలేదు. కానీ దాని మీద దుమ్ము మాత్రం రోజూ తుడిచేవారు. వడ్డించేటప్పుడు నాతో మర్యాదగా మాట్లాడేవారు, "ఇంకొంచెం వేయనా అమ్మా" అని. ఆ మర్యాదకి నాకు ముద్ద దిగేది కాదు. ఉప్పు గురించి మళ్ళీ ఒక్క మాట లేదు.

ఒక సాయంత్రం మా ఆయన తన ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "అమ్మా, తాబేలు రాశారు. చదవనా?" అన్నారు. జీవితంలో మొదటిసారి గోడ దిగారాయన.

"నాకెందుకూ" అన్నారు అత్తగారు, పొయ్యి కట్టేసి కుర్చీ లాక్కుంటూ.

మా ఆయన చదివారు. ఆడవాళ్ళ చొక్కాలకి గుండీలు ఎడమవైపు ఎందుకుంటాయో ఆవిడ ఖాయంగా తెలిసినట్టు రాశారట. దానికి చాలామంది చాలా కారణాలు చెబుతారు గానీ ఏదీ తేలలేదని, ఆ వాక్యం తీసేశారు. అత్తగారు ముక్కు ఎగబీల్చారు. చెంపకి ఆనించే పరీక్ష మళ్ళీ పెట్టొచ్చు, కానీ సలహాలా కాకుండా సమాచారంలా రాయాలన్నారు. ముక్కు కథ దగ్గరికి వచ్చేసరికి మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇది నిజమనడానికి ఆధారం లేదు. కానీ ఇలాంటి కథ ప్రచారంలో ఉందనడానికి పుస్తకాల్లో ఆధారం ఉంది. 'అని ఒక కథ చెబుతారు' అని రాసి ఉంచాలి. పూర్తిగా తీసేయడం తప్పు."

అత్తగారు కిటికీ వైపు తిరిగారు. "మీ నాన్న ఆ కథ చెప్పకుండా ఒక్క కోటు గుండీ అమ్మలేదురా" అన్నారు. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఇంకా ఉందమ్మా. 'ఆల్చిప్ప గుండీల తయారీ పేరాని కత్తెర వ్యాఖ్య చూడకుండా విడిగా చదివాను. వ్యాసం మొత్తంలో ఇంత బాగా వచ్చిన భాగం మరొకటి లేదు. మార్చడానికేమీ కనబడలేదు. వ్యాసాన్ని మొదటి పేజీకి ప్రతిపాదిస్తున్నాను.'"

అత్తగారు నా వైపు చూశారు.

"నువ్వన్న మాటేగా."

"ఆ మాటే అత్తయ్యా."

"అయితే నిజంగానే బాగుందన్నమాట."

"అప్పుడే చెప్పాగా!" అని నేను అరిచినంత పని చేశాను. ఆవిడ నవ్వేశారు. ఎన్నాళ్ళకో విన్న ఆ నవ్వుకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకోబోయారు. అత్తగారు పట్టేశారు. "ఇంకా ఏదో ఉందే. చదువు."

"ఏం లేదమ్మా. అది ఈవిడకి."

"చదవరా!"

ఆయన నన్నొకసారి చూసి, తేలు కుట్టిన దొంగలా చదివారు. "కత్తెరకి: చుట్టరికం దాచడం ఒక తప్పు. దాన్ని మీరే ఒప్పుకున్నారు. రెండో తప్పు మీ భాష. కొత్తగా వచ్చిన మనిషితో ఇంత కటువుగా, ఇంత వెటకారంగా మాట్లాడనక్కర్లేదు. ఇలాంటి సమీక్షకుల వల్లే కొత్తవాళ్ళు పారిపోతారు. కొంతకాలం కొత్తవాళ్ళ జోలికి వెళ్ళకండి."

నా మొహం మాడిపోయింది. ప్రతి అక్షరం నిజమే. ఇన్నాళ్ళూ అందరికీ పంచిపెట్టింది తిరిగి నా పళ్ళెంలో పడితే ఎలా ఉంటుందో తెలిసింది. లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను.

వెనక కుర్చీ చప్పుడైంది. అత్తగారు టాబ్లెట్ తీసుకున్నారు.

"ఎవరమ్మా ఈ తాబేలు? మా పిల్లని అనడానికి ఎవరంట?"

"అత్తయ్యా, వదిలేయండి. తాబేలు చెప్పింది నిజమే."

"నువ్వు గిన్నెలు చూసుకో."

ఒంటివేలితో చాలాసేపు కొట్టారు. 'వెటకారం' ఎలా కొట్టాలో మా ఆయన్ని అడిగారు తప్ప నా సాయం అడగలేదు. అయిపోయాక నా తడి చేతుల ముందు తెర పెట్టారు.

"తాబేలు గారికి నమస్కారం. మీ సూచనలు అందాయి, పాటిస్తాను. కత్తెర సంగతి మాత్రం మీకు తెలియదు. ఆవిడ నోరు పదునైన మాట నిజం. నన్ను ఏడిపించిన మాటా నిజం. కానీ నేను పారిపోలేదు. ఆవిడ కోసిన ప్రతిచోటా మళ్ళీ కుట్టుకున్నాను, ముందు కన్నా గట్టిగా. నా రాతలో తప్పుందని చెప్పేంత గౌరవం అంతకుముందు నాకెవరూ ఇవ్వలేదు. నేను రోజంతా ఊరికే కూర్చునే మనిషిని. ఇప్పుడు నాకు తీరిక లేదు. ఆవిడని కొత్తవాళ్ళ దగ్గరే ఉంచండి. మూలం: నేను."

అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. ముక్కు ఎగబీల్చి, చేతి అంచుతో కళ్ళు తుడుచుకున్నాను. ఎప్పుడూ అనే మాటే అన్నాను.

"అత్తయ్యా, ఆ మూలం చెల్లదు."

"వ్యాసంలో చెల్లదు" అన్నారావిడ, టాబ్లెట్ నా చేతిలోంచి లాక్కుంటూ. "ఇది చర్చాపేజీ. ఇక్కడ ఎవరి మాట వాళ్ళు చెప్పుకోవచ్చు. నియమాలు చదివే రాశాను."